పాత మాజ్డా రోటరీ కారు స్టార్ట్ కావడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల పాత ఆర్‌ఎక్స్-7 (పిస్టన్ల బదులు తిరిగే రోటార్లతో నడిచే మాజ్డా కారు) కొనుక్కున్న మనవాళ్లు పదే పదే అడిగే సందేహాలివి. ఇండియాలో మాజ్డా ఈ కారును అమ్మలేదు కాబట్టి మనకు తెలిసిన మెకానిక్కుల్లో దీని మీద చెయ్యి పడ్డవాళ్లు దాదాపు ఉండరు. ఇక్కడి సమాధానాలు ముఖ్యంగా రెండు తరాల బండ్లకు: 1978–85 మధ్య వచ్చిన 12ఏ కార్బురేటర్ ఇంజన్ బండి, 1986–91 మోడళ్లలోని 13బి ఇంజెక్షన్ బండి. తర్వాతి బండ్లకు తేడా ఉన్నచోట ఆ మాట అక్కడే చెప్పాం. ఏ ప్రశ్నకు ఆ సమాధానం విడిగానే చదువుకోవచ్చు.

## మొదటి పది నిమిషాలు

బండి స్టార్ట్ కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కింది వరస ప్లగ్గు ఒకటి విప్పి చూడండి. సగం పని అక్కడే తేలిపోతుంది. ప్లగ్గు పెట్రోల్‌తో తడిసి ఉంటే పంపు, ఫిల్టర్, రిలేల జోలికి పోనక్కర్లేదు. పెట్రోల్ వస్తోంది, అది మండడం లేదు. అప్పుడు చూడాల్సినవి స్పార్కు, ఫ్లడ్డింగ్ (లోపల పెట్రోల్ ఎక్కువై తడిసిపోవడం), కంప్రెషన్. ప్లగ్గు పొడిగా ఉండి పెట్రోల్ వాసన కూడా లేకపోతే ఇంధనం వైపే వెతకండి. కూలెంట్ తీపి వాసన వస్తే సెల్ఫ్ కొట్టడం ఆపేయండి.

ఇదంతా సెల్ఫ్ చురుగ్గా తిరుగుతుంటేనే. సెల్ఫ్ మందంగా ఉంటే ముందు బ్యాటరీ సంగతి తేల్చాలి. మందంగా తిరిగే రోటరీ మీద చేసే ఏ పరీక్షనూ నమ్మలేం.

పిస్టన్ ఇంజన్ బాగుచేసిన అనుభవం ఉంది. ఇక్కడ కొత్తగా తెలియాల్సిందేమిటి?

వాల్వులు, కామ్, టైమింగ్ బెల్టు ఏవీ లేవు. కాబట్టి బెల్టు తెగిందా, వాల్వు వంగిందా అన్న ప్రశ్నే రాదు. రెండు రోటార్లు, ఒక్కోదానికి మూడు ముఖాలు, మూడు మూలల్లో మూడు అపెక్స్ సీళ్లు. మధ్యలోని ఎక్సెంట్రిక్ షాఫ్ట్ మూడు చుట్లు తిరిగితే రోటార్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే షాఫ్ట్ చుట్టుకు ఒక్కో రోటార్‌లో ఒక్క ముఖం కంప్రెషన్‌కు వస్తుంది.

తేడా అంతా ఆ సీళ్ల దగ్గరే. హౌసింగ్ (రోటార్ తిరిగే గూడు) గోడ మీద ఉండే పలచని ఆయిల్ పొర సీలుకు తోడుగా గాలిని బిగబడుతుంది. పెట్రోల్ ఆ పొరను కడిగేసిందంటే మంచి ఇంజన్ కూడా చచ్చినదానిలాగే కనిపిస్తుంది. "ఇంజన్ పోయింది" అని చవగ్గా అమ్మేసే బండ్లలో ఫ్లడ్ అయి ఊరుకున్నవి చాలానే ఉంటాయి.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు చెవితో ఏమైనా పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు. చురుగ్గా తిరిగే సెల్ఫ్ షాఫ్ట్‌ను నిమిషానికి 250 చుట్లు తిప్పుతుంది. రెండు రోటార్లూ కలిపి సెకనుకు ఎనిమిది దాకా "చఫ్" శబ్దాలు సమానంగా వినిపించాలి. మధ్యలో లయ తప్పి, ఒక దెబ్బ గట్టిగా రెండు దెబ్బలు మెత్తగా వినిపిస్తుంటే ఏదో ఒక రోటార్‌లో సీలు అనుమానించాలి. అడ్డూ ఆపూ లేకుండా "ఊఁ..." అని ఒకే స్వరంతో పరుగెడుతుంటే రెండు రోటార్లలోనూ కంప్రెషన్ లేనట్టే. దీనికి మొదటి కారణం ఫ్లడ్డింగ్, అరుగుదల ఆ తర్వాత. ఫోన్‌లో రికార్డు చేసి నెమ్మదిగా వినండి, తేడా బాగా తెలుస్తుంది.

## సెల్ఫ్, బ్యాటరీ

సెల్ఫ్ తిరుగుతూనే ఉంది కదా, బ్యాటరీని ఎందుకు అనుమానించాలి?

తిరగడం చాలదు, వేగంగా తిరగాలి. పిస్టన్ కారు నీరసంగా తిరిగినా ఎలాగోలా అందుకుంటుంది. రోటరీ ఇంజన్‌లో సీళ్ల పక్కనుంచి గాలి ఎప్పుడూ కొంత జారుతూనే ఉంటుంది, వేగం తగ్గితే జారడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. దాంతో కంప్రెషన్ పడిపోతుంది.

మీటరు బ్యాటరీ మీద పెట్టండి. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10కి దగ్గరగా ఉండాలి. 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీ మార్చండి, లేదా నడుస్తున్న ఇంకో బండి నుంచి మందపాటి జంపర్ కేబుళ్లు వేయండి. బ్యాటరీ బాగుండీ సెల్ఫ్ మందంగా ఉంటే ఎర్త్ వైరు చూడాలి. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండో కొస ఇంజన్ లోహం మీద ఆనించి సెల్ఫ్ కొట్టండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ చివరలు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించండి. ముప్ఫై ఏళ్లు దాటిన బండ్లలో ఈ ఒక్క పనితో స్టార్ట్ అయినవి ఎన్నో.

తాళం తిప్పితే టిక్ కూడా అనడం లేదు. లైట్లు మాత్రం వెలుగుతున్నాయి.

అమెరికా మోడల్ మాన్యువల్ బండిలో క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కితే గానీ సెల్ఫ్‌కు కరెంటు వెళ్లదు. పెడల్ పైన ఉండే చిన్న స్విచ్చు, దాన్ని నొక్కే ప్లాస్టిక్ బొత్తం విరిగిపోవడం మామూలే. పెడల్ కింద ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే అదే. ఆటోమేటిక్ అయితే గేరు న్యూట్రల్‌లో పెట్టి ప్రయత్నించండి.

అదీ కాకపోతే సెల్ఫ్ మోటార్ మీది సన్న వైరుకు టెస్ట్ లైటు పెట్టి తాళం తిప్పించండి. లైటు వెలిగితే సోలెనాయిడ్ పోయింది. వెలగకపోతే లోపం తాళం స్విచ్చు నుంచి అక్కడి దాకా ఉన్న దారిలో ఉంది.

## ఫ్లడ్డింగ్

నిన్న ఇంటి ముందు నుంచి షెడ్డులోకి జరిపి ఆపేశాను. ఇవాళ స్టార్ట్ కావడం లేదు.

నూటికి తొంభై పాళ్లు ఫ్లడ్ అయింది. చల్లటి ఇంజన్‌కు పెట్రోల్ దండిగా పడుతుంది. వేడెక్కకుండానే ఆపేస్తే ఆ మిగులు లోపలే ఉండిపోయి గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. మర్నాడు సెల్ఫ్ కొట్టినప్పుడు కంప్రెషన్ సగమే వస్తుంది, ప్లగ్గులు తడి, పైగా కొట్టిన ప్రతిసారీ ఇంకాస్త పెట్రోల్ వచ్చి చేరుతుంది. ఐదారు సార్లు ప్రయత్నించి రాకపోతే ఆపేయండి. బ్యాటరీ అయిపోయేదాకా కొడుతూ పోతే పని రెట్టింపవుతుంది.

ఫ్లడ్ అయిన ఇంజెక్షన్ బండిని (1986–91) విడిపించడం ఎలా?

సాఫీగా జరిగితే గంట పని. దగ్గర్లో మంట, సిగరెట్ ఉండకూడదు. మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి.

1. ఇంజన్ దగ్గరి ఫ్యూజుల పెట్టెలో "ఈజీఐ" అని రాసి ఉన్న ఇంజెక్టర్ల ఫ్యూజు తీసేయండి. ఇంజన్ ముందు భాగంలో ఉండే క్రాంక్ యాంగిల్ సెన్సర్ కనెక్టర్ కూడా ఊడదీస్తే స్పార్కు ఆగిపోతుంది. ప్లగ్గు రంధ్రంలోంచి చిమ్మే పెట్రోల్ ఆవిరి అంటుకోకుండా ఉండాలంటే ఇది తప్పదు.
2. కింది వరస ప్లగ్గులు రెండూ విప్పి, రంధ్రాలకు ఎదురుగా పాత గుడ్డ అడ్డు పెట్టండి.
3. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఐదు నుంచి పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. అర నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. గుడ్డ మీద తడి పడడం ఆగేదాకా ఇదే.
4. సిరంజికి సన్న గొట్టం తగిలించి ఒక్కో రంధ్రంలో 5 మి.లీ. ఇంజన్ ఆయిల్ వేయండి. ముందు పుల్లీ బోల్టుకు పానా వేసి, ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకే షాఫ్ట్‌ను ఒక చుట్టు తిప్పండి. ఇంకో 5 మి.లీ. వేసి ఇంకో చుట్టు తిప్పండి. మూడోసారీ అలాగే చేస్తే మూడు ముఖాలకూ ఆయిల్ అందుతుంది.
5. గుడ్డ అడ్డం పెట్టి రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ఎక్కువైన ఆయిల్ బయటికి వచ్చేస్తుంది.
6. కొత్త ప్లగ్గులు, లేదా బాగా ఆరబెట్టిన పాతవి బిగించి సెన్సర్ కనెక్టర్ పెట్టండి. ఫ్యూజు మాత్రం ఇంకా పెట్టకండి. యాక్సిలరేటర్ తొక్కి సెల్ఫ్ కొడితే లోపల మిగిలిన పెట్రోల్‌తో ఒకటి రెండుసార్లు "భుక్" మంటుంది. అలా అందుకోబోతుంటే ఫ్యూజు పెట్టి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి కొట్టండి.

అందుకున్నాక రోడ్డంతా తెల్లటి పొగ కమ్ముకుంటుంది. అది మీరు పోసిన ఆయిలే. పది నిమిషాల్లో తగ్గాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా ఆపకండి. ఈ పనంతా ఆరుబయటే చేయండి.

కార్బురేటర్ బండి ఫ్లడ్ అయితే?

చోక్ లోపలికి నెట్టేయండి. పెట్రోల్ పంపు కనెక్టర్ ఊడదీయండి, అది బండి వెనక భాగంలో ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. పెడల్ పైకీ కిందికీ ఊపకండి. ఊపిన ప్రతిసారీ యాక్సిలరేటర్ పంపు ఇంకో చిమ్ము పెట్రోల్ పోస్తుంది.

అలా కాకపోతే కింది ప్లగ్గులు విప్పి ఆరబెట్టి, ఒక్కో రోటార్‌లో 10 నుంచి 15 మి.లీ. ఆయిల్ వేసి మళ్లీ ప్రయత్నించాలి. ప్రతి వారం ఇదే గొడవైతే తప్పు కార్బురేటర్‌దే. ఈ బండికి వచ్చే నిక్కీ కంపెనీ కార్బురేటర్ పక్కన చిన్న గాజు కిటికీలుంటాయి. ఇంజన్ నడుస్తుండగా పెట్రోల్ మట్టం కిటికీ మధ్యలోని గుర్తు దగ్గర ఉండాలి. కిటికీ నిండిపోయి కనిపిస్తే నీడిల్ వాల్వు కూర్చోవడం లేదు, లేదా ఫ్లోట్‌లోకి పెట్రోల్ ఎక్కింది.

తోసి స్టార్ట్ చేయొచ్చా?

మాన్యువల్ బండిని చేయొచ్చు. ఆయిల్ వేసిన తర్వాత ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే సెల్ఫ్ తిప్పలేనంత వేగంగా చక్రాలు ఇంజన్‌ను తిప్పుతాయి. రెండో గేరులో, మనిషి పరుగు వేగానికి అందుకున్నాక క్లచ్ వదలండి. కాకపోతే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండిని అరకిలోమీటరు అలా లాక్కుపోవద్దు. మండని పెట్రోలంతా కన్వర్టర్‌లో చేరి, ఇంజన్ అందుకున్నాక అక్కడ మండి ఎర్రగా కాలుతుంది. బండి కింద ఎండుగడ్డి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

స్టార్టింగ్ స్ప్రే కొట్టమంటున్నారు, కొట్టనా?

వద్దు. ఆ స్ప్రేలో ఉండే ఈథర్ కూడా పెట్రోల్‌లాగే ఆయిల్ పొరను కడిగేస్తుంది, పైగా అదుపు లేకుండా పేలి సీళ్లను కొడుతుంది. ఇంధనం రావడం లేదేమో అన్న అనుమానం తీర్చుకోవాలంటే, టూ-స్ట్రోక్ ఆయిల్ కొంచెం కలిపిన పెట్రోల్ రెండు మి.లీ. ప్లగ్గు రంధ్రంలో వేసి, ప్లగ్గు బిగించి చూడండి. ఒక్క క్షణం అందుకుంటే లోపం ఇంధన సరఫరాలోనే.

మళ్లీ ఫ్లడ్ కాకుండా ఉండాలంటే?

చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేస్తే వేడి ముల్లు మామూలు స్థాయికి వచ్చేదాకా ఆపొద్దు. బండిని పది అడుగులు జరపాలంటే న్యూట్రల్‌లో నెట్టుకోవడమే మేలు. ఆపక తప్పకపోతే 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర పది సెకన్లు పట్టి ఉంచి ఆపండి. లోపలి మిగులు పెట్రోల్ కొంతైనా బయటికి పోతుంది. తర్వాత వచ్చిన మాజ్డా రోటరీ కారు ఆర్‌ఎక్స్-8లో అయితే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటరే ఇంజెక్టర్లను ఆపేస్తుంది, ఫ్యూజు తీయక్కర్లేదు.

## స్పార్కు

నాలుగు ప్లగ్గులున్నాయి. పైవి, కిందివి ఒకటేనా?

కాదు. ఒక్కో రోటార్‌కు రెండు: కిందిది లీడింగ్, పైది ట్రెయిలింగ్. పని ఎక్కువగా చేసేది లీడింగ్. ట్రెయిలింగ్ రెండూ పోయినా బండి స్టార్ట్ అవుతుంది, నడక మాత్రం నీరసం. లీడింగ్ పోతే స్టార్ట్ అవడమే కష్టం. అందుకే స్పార్కు పరీక్ష ఎప్పుడూ కింది వరసతో మొదలుపెట్టాలి.

1986–91 బండిలోని 13బికి ఎన్‌జీకే కంపెనీ బీయూఆర్7ఈక్యూ కింద, బీయూఆర్9ఈక్యూ పైన వాడతారు. 7, 9 అన్నవి వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే అంకెలు. తడిసిన ప్లగ్గును గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చడం కొందరి అలవాటు. పింగాణీ పగిలితే ఆ ముక్కలు రోటార్‌లో పడతాయి. కొత్తవి కొనండి. బిగింపు 13–17 న్యూటన్ మీటర్లు చాలు, హౌసింగ్ అల్యూమినియం కాబట్టి మర తేలిగ్గా చెడిపోతుంది.

ప్లగ్గు వైర్లు తారుమారు చేశానేమో?

1986–91 బండిలో లీడింగ్ కాయిల్ రెండు కింది ప్లగ్గులకూ ఒకేసారి స్పార్కు ఇస్తుంది. ఆ రెండు వైర్లూ ఒకదాని చోట ఒకటి పెట్టినా నష్టం లేదు. ట్రెయిలింగ్ వైర్లు మాత్రం ఏ రోటార్‌ది ఆ రోటార్‌కే వెళ్లాలి. ముందు రోటార్ ఒకటో నంబరు, వెనకది రెండు. పైదీ కిందిదీ కలగాపులగం చేస్తే ఎదురు పేలుళ్లు వస్తాయి.

1986–91 బండి. నాలుగు ప్లగ్గుల్లోనూ స్పార్కు లేదు.

నాలుగూ ఒకేసారి పోయాయంటే కాయిళ్లను తప్పుపట్టే ముందు క్రాంక్ యాంగిల్ సెన్సర్‌ను చూడాలి. ఇంజన్ ముందు భాగంలో, పాత బండ్లలో డిస్ట్రిబ్యూటర్ ఉండే చోట ఉంటుంది. లోపల 24 పళ్ల చక్రం ఒకటి, 2 పళ్ల చక్రం ఒకటి. రెండింటికీ పికప్ కాయిళ్లుంటాయి. కనెక్టర్ ఊడదీసి ఓమ్ మీటరుతో కొలిస్తే ఒక్కో కాయిల్ 110–210 ఓమ్‌ల మధ్య చూపించాలి. తెగి ఉంటే సెన్సర్ మార్చాల్సిందే.

ఇంకో చక్కటి పరీక్ష ఉంది. సెన్సర్ కూర్చున్న తీరును మార్కర్‌తో గుర్తుపెట్టుకుని, కనెక్టర్ ఊడదీయకుండా సెన్సర్ బయటికి తీయండి. ఇంజెక్టర్ల ఫ్యూజు తీసి, తాళం ఆన్‌లో పెట్టి, గేరును వేళ్లతో గిర్రున తిప్పండి. బయట లోహానికి ఆనించిన ప్లగ్గులో స్పార్కు టపటపలాడితే సెన్సర్, కంప్యూటర్, కాయిల్ మూడూ పనిచేస్తున్నట్టే. రాకపోతే లీడింగ్ కాయిల్‌కు 12 వోల్టులు వస్తున్నాయా, మెయిన్ రిలే పడుతోందా చూడండి.

ఆర్‌పీఎమ్ ముల్లు కూడా ఒక సాక్షి. ఈ బండిలో దానికి సంకేతం ట్రెయిలింగ్ కాయిల్ నుంచి వెళ్తుంది. సెల్ఫ్ కొడుతుంటే ముల్లు కాస్త లేస్తే సెన్సర్ బతికే ఉంది.

సెన్సర్ తీసి మళ్లీ పెట్టాను. అప్పట్నుంచే స్టార్ట్ కావడం లేదు.

గేరు ఒక పన్ను పక్కకు పడింది. ముందు పుల్లీ మీద రెండు గుర్తులుంటాయి. పసుపుది లీడింగ్‌ది, ఎరుపుది ట్రెయిలింగ్‌ది. పుల్లీ తిప్పి పసుపు గుర్తును కవరు మీది సూదికి ఎదురుగా తెండి. సెన్సర్ గేరు మీది గుర్తు, దాని ఒంటి మీది గుర్తు కలిపి, అలాగే నిటారుగా దించండి. దిగేటప్పుడు గేరు కొంచెం తిరుగుతుంది, కుదరకపోతే తీసి మళ్లీ పెట్టండి. స్టార్ట్ అయ్యాక టైమింగ్ లైటుతో చూస్తే ఐడిల్‌లో పసుపు గుర్తు సూదికి ఎదురుగా కనిపించాలి.

1981–85 కార్బురేటర్ బండిలో కింది ప్లగ్గులకే స్పార్కు లేదు.

డిస్ట్రిబ్యూటర్ పక్కన రెండు ఇగ్నైటర్లు ఉంటాయి, లీడింగ్‌కొకటి, ట్రెయిలింగ్‌కొకటి. రెండూ ఒకే రకం. అటుదిటు మార్చి పెట్టండి. లోపం పై ప్లగ్గులకు మారితే ఇగ్నైటర్ పోయింది. మారకపోతే లీడింగ్ కాయిల్, దాని వైర్లు చూడాలి.

## పెట్రోల్

తాళం ఆన్ చేస్తే పంపు శబ్దం రావడం లేదు. పంపు పోయిందా?

1986–91 బండిలో తాళం ఆన్ చేయగానే పంపు మోగదు, దాని తీరే అంత. సెల్ఫ్ కొట్టేటప్పుడు, తర్వాత ఎయిర్‌ఫ్లో మీటరు (ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచేది) గుండా గాలి పోతున్నప్పుడు మాత్రమే నడుస్తుంది. ఈ సంగతి తెలియక మంచి పంపులు మార్చినవాళ్లు ఉన్నారు. ఎయిర్‌ఫ్లో మీటరు దగ్గర్లో రెండు పిన్నుల పసుపు కనెక్టర్ ఒకటి ఊరికే వేలాడుతుంటుంది. ఆ రెండు పిన్నులూ చిన్న వైరుతో కలిపి తాళం ఆన్ చేయండి. వెనక నుంచి పంపు గుయ్యిమంటే అది బాగుంది. మోగకపోతే పంపు దగ్గరి కనెక్టర్‌లో 12 వోల్టులు చూడండి. వస్తే పంపు మార్చాలి, రాకపోతే ఫ్యూజు, రిలే, వైరు.

సెల్ఫ్ కొడుతుంటే అందుకుంటుంది, తాళం వదలగానే ఆరిపోతుంది.

1986–91 బండ్లలో ఇది తెలిసిన జబ్బే. తాళం వదిలాక పంపును నడిపించేది ఎయిర్‌ఫ్లో మీటరు లోపలి స్విచ్చు. మీటరుకూ ఇంజన్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం చీలితే గాలి ఆ చీలికలోంచే పోతుంది, మీటరు రెక్క కదలదు, స్విచ్చు పడదు, పంపు ఆగిపోతుంది. గొట్టం మడతల అడుగున వేలు పెట్టి తడమండి, చీలికలు పైకి కనిపించవు. గొట్టం బాగుంటే పసుపు కనెక్టర్ పిన్నులు కలిపి స్టార్ట్ చేయండి. నిలబడితే మీటరులోని స్విచ్చే లోపం. ఆ వైరు అలాగే ఉంచి బండి తిప్పొద్దు. ప్రమాదంలో ఇంజన్ ఆగినా పంపు ఆగదు.

పెట్రోల్ ప్రెషర్ ఎంత ఉండాలి?

13బి ఇంజెక్షన్ బండిలో రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం ఊడదీసి చూస్తే చదరపు సెంటీమీటరుకు 2.5 కేజీలకు అటూ ఇటూ, అంటే 35–40 పీఎస్ఐ. పంపు ఆపాక ముల్లు నెమ్మదిగా దిగాలి. రెండు నిమిషాల్లో సున్నాకు పడిపోతే ఎక్కడో కారుతోంది. పంపు ఆపగానే రిటర్న్ గొట్టాన్ని నొక్కి పట్టండి. ముల్లు నిలబడితే రెగ్యులేటర్. సప్లై గొట్టం నొక్కితే నిలబడితే పంపులోని వాల్వు. రెండూ నొక్కినా పడిపోతే ఇంజెక్టర్లు లోపలికి కారుతున్నాయి.

ఇంజన్ దగ్గర పెట్రోల్ వాసన గుప్పుమంటోంది.

స్టార్ట్ చేయకండి. ఇంటేక్ మానిఫోల్డ్ కింద ఫ్యూయల్ రెయిల్ కొసన పల్సేషన్ డ్యాంపర్ (పెట్రోల్ ఒత్తిడిలో అదురును తగ్గించేది) ఉంటుంది. లోపలి పొర చిరిగితే పెట్రోల్ నేరుగా వేడి ఇంజన్ మీదికి చిమ్ముతుంది. రెండో, మూడో తరం ఆర్‌ఎక్స్-7లు తగలబడడానికి ఇదొక ముఖ్య కారణం. పంపును కనెక్టర్ దగ్గర నడిపించి, చిన్న అద్దం, టార్చిలైటుతో అక్కడ తడి ఉందేమో చూడండి. ఉంటే డ్యాంపరూ, ఆ చుట్టుపక్కల పాత రబ్బరు గొట్టాలూ మార్చాకే తర్వాతి మాట.

అన్నీ బాగున్నాయి, అయినా ప్లగ్గులు ఎప్పుడూ తడిగానే ఉంటున్నాయి.

వాటర్ పంపు వెనక ఉండే కూలెంట్ వేడి సెన్సర్ చూడండి. దాని కనెక్టర్ ప్లాస్టిక్ పెళుసై విరిగిపోతుంది. అప్పుడు ఇంజన్ గడ్డకట్టే చలిలో ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ కుమ్మరిస్తుంది. 20 డిగ్రీల దగ్గర 2.2–2.7 కిలో ఓమ్, 80 డిగ్రీల దగ్గర 0.3 కిలో ఓమ్ దగ్గరగా రావాలి.

## కంప్రెషన్

మెకానిక్ మామూలు గేజ్‌తో చూసి 110 పీఎస్ఐ వచ్చింది, ఇంజన్ బాగుందన్నాడు. నిజమేనా?

చెప్పలేం. మామూలు గేజ్‌లో గాలిని పట్టి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. మూడు ముఖాల్లో అన్నిటికన్నా ఎక్కువ దాన్నే అది చూపిస్తుంది. రెండు ముఖాలు చచ్చి ఒకటి బతికున్నా 110 వస్తుంది. గేజ్ కొసన ఉన్న ఆ వాల్వును తీసేసి, ముల్లు ఎగిరే తీరు వీడియో తీయండి. ఇంజన్ వీలైతే వేడిగా ఉండాలి. రెండు రోటార్లకూ ఒక్కో ప్లగ్గు విప్పి రెండోది బిగించే ఉంచాలి, పెట్రోలూ స్పార్కూ ఆపేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి.

ముల్లు మూడు ఎగుర్లూ సమానంగా ఎగిరితే సీళ్లు సమానంగా ఉన్నాయి. ఒకటి ఎత్తుగా రెండు పొట్టిగా ఉంటే అపెక్స్ సీలు విరిగింది. ఒక అపెక్స్ సీలు రెండు ముఖాల మధ్య గోడ కాబట్టి పోతే రెండూ పోతాయి. ఒక్కటే పొట్టిగా ఉంటే సైడ్ సీలు (రోటార్ పక్కల ఉండేది) గానీ కార్నర్ సీలు (మూలల్లో ఉండేది) గానీ అయి ఉంటుంది. మూడూ పొట్టిగా, సమానంగా ఉంటే ఫ్లడ్డింగ్, మందంగా తిరిగే సెల్ఫ్, అరుగుదల. ఈ మూడింటిని ఈ క్రమంలోనే అనుమానించండి.

ఎంత వస్తే బాగున్నట్టు?

13బి ఆర్‌ఎక్స్-7కు 250 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో ముఖానికి చదరపు సెంటీమీటరుకు కనీసం 6 కేజీలు, అంటే 85 పీఎస్ఐ. ఒకే రోటార్‌లోని ముఖాల మధ్య తేడా 1.5 కేజీలు దాటకూడదు. కొత్తగా కట్టిన ఇంజన్ 100 పీఎస్ఐ దాటుతుంది. ఆర్‌ఎక్స్-8కు కనీసం 6.9 కేజీలు.

వేగం రాయకుండా ఇచ్చిన కంప్రెషన్ అంకెకు విలువ లేదు. వీడియోలో ఐదు సెకన్లలో ముల్లు ఎన్నిసార్లు ఎగిరిందో లెక్కపెట్టి 12తో గుణించండి. 21 ఎగుర్లు అయితే 252 ఆర్‌పీఎమ్. బండి కొనబోతున్నా అమ్మేవాళ్లను ఈ వీడియోనే అడగండి.

కంప్రెషన్ తక్కువొచ్చింది. ఇంజన్ దింపాల్సిందేనా?

మూడు ముఖాలూ సమానంగా తక్కువైతే వెంటనే దింపొద్దు. ఒక్కో ముఖానికి 5 మి.లీ. ఆయిల్ వేసి మళ్లీ కొలవండి. ఒక్కసారిగా పెరిగితే లోపం ఆయిల్ పొరదే కావచ్చు. స్టార్ట్ చేసి, బాగా వేడెక్కించి, నాలుగు రోజులు తిప్పాక కొలిచిందే అసలు అంకె. ఒకటి ఎత్తు, రెండు పొట్టి అన్న తీరు ఆయిల్ వేశాకా మారకపోతే దింపాల్సిందే. విరిగిన సీలు ముక్కతో నడిపితే హౌసింగ్ గీసుకుపోతుంది. అప్పుడు సీళ్ల ఖర్చు హౌసింగ్ ఖర్చుగా మారుతుంది.

ప్లగ్గుల రంధ్రంలోంచి కూలెంట్ వచ్చింది.

లోపలి కూలెంట్ సీలు పోయింది. రాత్రంతా కారి పొద్దున ఒక రోటార్ మాత్రమే అందుకోవడం, చాలాసేపు తెల్లటి తీపి పొగ, ఇంజన్ నడుస్తుంటే రేడియేటర్‌లో బుడగలు, ఇవన్నీ దాని గుర్తులే. ప్లగ్గులు బిగించి ఉండగా సెల్ఫ్ కొట్టకండి, నీరు నొక్కుడుపడదు. రేడియేటర్‌లో పోసే సీలింగ్ మందులు ఇక్కడ డబ్బు దండగ. ఇంజన్ విప్పాలి.

## వేడి మీద, నిల్వ తర్వాత

పొద్దున చక్కగా స్టార్ట్ అవుతుంది. పెట్రోల్ బంకులో ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు.

కారణాలు మూడు. వేడికి సెల్ఫ్ మందగించడం చెవికే తెలుస్తుంది. ఇంజెక్టర్లు కారడం రెండోది: ఇంజెక్టర్ల ఫ్యూజు తీసి, యాక్సిలరేటర్ తొక్కి సెల్ఫ్ కొట్టండి, నల్లపొగతో ఒకసారి అందుకుంటే ఇదే. మూడోది అరిగిన సీళ్లు. వేడికి ఆయిల్ పలచబడి పొర నిలవదు, అరగంట చల్లారితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. బలమైన సెల్ఫ్ మోటార్, మంచి బ్యాటరీ వేస్తే ఇంకొన్నాళ్లు నెట్టుకురావచ్చు గానీ అది వాయిదా మాత్రమే.

ఐదారేళ్లు షెడ్డులో పడున్న బండి. నేరుగా సెల్ఫ్ కొట్టొచ్చా?

కొట్టొద్దు. ముందు నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రోటార్‌లో 30 మి.లీ. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే ఆయిల్) పోసి రాత్రంతా నానబెట్టండి. కార్బన్‌లో ఇరుక్కున్న సీళ్లను వదులు చేయడానికి మామూలు ఇంజన్ ఆయిల్ కన్నా అదే మేలు. మర్నాడు పుల్లీ బోల్టు మీద పానాతో, ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకే, నెమ్మదిగా ఆరు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టకండి. ఇంకొంచెం పోసి ఇంకో రోజు ఆగండి.

పాత పెట్రోల్ మొత్తం తోడేయాలి. ట్యాంకు అడుగున తుప్పు ఉంటే కొత్త ఫిల్టర్ గంటలో మూసుకుపోతుంది. ఇంజెక్టర్లు విప్పి శుభ్రం చేయించండి. తెరుచుకుని ఇరుక్కుపోయిన ఒక్క ఇంజెక్టర్ చాలు, మొదటి సెల్ఫ్‌కే ఇంజన్ మళ్లీ ఫ్లడ్ అవడానికి. ఇంజన్ ఆయిల్, కూలెంట్ మార్చి, కొత్త ప్లగ్గులు వేసి, మొదటి ట్యాంకులో లీటరుకు 5 మి.లీ. టూ-స్ట్రోక్ ఆయిల్ కలపండి. సీళ్లకు ఆయిల్ అందించే మీటరింగ్ పంపు గొట్టాలు ఎండి పగిలి ఉంటాయి, అవి మార్చేదాకా సీళ్లకు దిక్కు ఈ కలిపిన ఆయిలే.